రెన్యువల్ నోటీసు వచ్చిందా? కార్డు తీసే ముందు ఇది చదవండి

బాక్సింగ్ డే సేల్లో కొత్త లాప్‌టాప్ కొన్న ఇళ్ళల్లో సరిగ్గా ఏడాది తిరిగేసరికి తెర మూలన ఒక ఎర్ర పెట్టె ప్రత్యక్షమవుతుంది. "మీ రక్షణ గడువు ముగుస్తోంది, మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది" అని. ఇక మన వాంకూవర్ గ్రూపులో మొదలు. "అక్కా, యాంటీవైరస్ రెన్యూ చెయ్యాలా?" అని సర్రీ నుంచి ఒకరు, "ఫ్రీది సరిపోతుందా?" అని బర్నబీ నుంచి ఇంకొకరు. జవాబులు కూడా ఏటా అవే. "డబ్బు కట్టందే దేన్నీ నమ్మకండి" అని కొందరు, "అంతా దండగ" అని కొందరు. ఈలోపు ఎవరో పెసరట్టు ఫోటో పెడతారు. విషయం అక్కడితో సరి.

ఈసారి పెసరట్టు రాకముందే రాసేద్దామని కూర్చున్నాను. నేను కంప్యూటర్ ఇంజినీరుని కాదు. ఇంట్లో కూర్చుని రెండు మూడు చిన్న షాపులకి లెక్కలు రాసిపెట్టే మనిషిని. అందుకే ఈ ప్రశ్న నాకు ఊసుపోక అడిగేది కాదు, తేల్చుకోవాల్సింది.

మాకు వచ్చిన నోటీసు సంగతి చెప్తాను. మొదటి ఏడాది 40 డాలర్లకి ఇచ్చిన ప్యాకేజీ రెండో ఏడాదికి 130 అయింది. పైన మన బీసీలో 12 శాతం పన్ను. కంపెనీ పేరెందుకు లెండి, ఈ వ్యాపారంలో చాలామందిది ఇదే పద్ధతి. మొదటి సంక్రాంతికి కొత్తల్లుడికి జరిగే మర్యాదలాంటిది మొదటి ఏడాది ధర. ఆటో రెన్యువల్ టిక్కు మనం పెట్టకుండానే పెట్టి ఉంటుంది.

మావారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "కట్టెయ్. బంగారం ఇంట్లో పెట్టుకుని తాళానికి లెక్క చూసుకుంటామా?"

"తాళం వద్దనట్లేదండీ. తలుపుకి ముందే ఒక తాళం ఉందేమో చూద్దాం అంటున్నా."

ముందు మా బంగారం ఏమిటో ఒక కాగితం మీద రాశాను. మీరూ ఒకసారి రాసి చూడండి, చిత్రంగా ఉంటుంది. పాస్‌పోర్టులు, పీఆర్ కార్డులు, ఓసీఐల స్కాన్లు. పదేళ్ళ టాక్స్ రిటర్నులు. ఊళ్ళో ఉన్న ఎకరంన్నర తాలూకు పట్టాదారు పాసు పుస్తకం ఫోటోలు. నా క్లయింట్ల లెక్కలు. పిల్లల ఫోటోలు వేలకొద్దీ. ఇంకా "నాన్న" అని ఒక ఫోల్డరు. ఆయన చివరిసారి ఇక్కడికి వచ్చినప్పుడు స్టాన్లీ పార్కులో సీవాల్ మీద నడుస్తూ 1986 గోదావరి వరద గురించి చెప్పిన మాటలు ఫోన్లో రికార్డు చేశాను. నలభై నిమిషాలు. మధ్యలో గాలి హోరు, సైకిలు బెల్లులు, "ఇక్కడ కూర్చుందామామ్మా కాసేపు" అనే మాట. పాస్‌పోర్టు పోతే కొత్తది వస్తుంది. ఇది పోతే ఎవరిని అడగాలి?

ఇప్పుడు తాళం సంగతికి వస్తాను. విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంటుంది. విడిగా డబ్బు కట్టక్కర్లేదు, డౌన్‌లోడ్ చెయ్యక్కర్లేదు. స్టార్ట్ నొక్కి "విండోస్ సెక్యూరిటీ" అని టైపు చేయండి, కనిపిస్తుంది. లాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ ప్యాకేజీ ఏదైనా ఉంటే డిఫెండర్ మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. ఆ ప్యాకేజీని తీసేస్తే తనంతట తానే మళ్ళీ కాపలాకి వస్తుంది. గడువు తీరినదాన్ని మాత్రం అలాగే వదిలెయ్యకండి, అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ అనుకోకండి కూడా. ఒకదానికొకటి అడ్డం పడి కంప్యూటరు ఈడుస్తుంది. మ్యాక్ వాడేవాళ్ళకి కూడా ఆపిల్ వాళ్ళ ఎక్స్‌ప్రొటెక్ట్ లోపలే ఉంటుంది.

"మైక్రోసాఫ్ట్ వాళ్ళది పనికిరాదు" అని మీ ఇంట్లో ఏ అన్నయ్యో, మరిదో అంటే ఆయన్ని తప్పు పట్టకండి. ఆయన నేర్చుకున్న రోజుల్లో అది నిజమే. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అనే పేరుతో వచ్చింది, 2012లో విండోస్ 8 నుంచి లోపలే కలిపేశారు. అదే ఏడాది చివర జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో యాంటీవైరస్‌లకి పరీక్షలు పెట్టే ఏవీ-టెస్ట్ సంస్థ దానికి సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇప్పుడు అదే సంస్థ రక్షణకి, వేగానికి, వాడుకకి తలా 6 చొప్పున 18 మార్కులకి పెట్టే పరీక్షలో డిఫెండర్ కొన్నేళ్ళుగా పూర్తి మార్కులో, వాటికి దగ్గరగానో తెచ్చుకుంటోంది. ఒక లోపం మాత్రం ఉంది. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లోని ఏవీ-కంపారటివ్స్ వాళ్ళ పరీక్షల్లో, ఇంటర్నెట్ లేనప్పుడు వైరస్‌ని పట్టుకోవడంలో ఇది చాలావాటికన్నా వెనకబడుతూ వచ్చింది. కొత్త వాటి గురించి ఆన్‌లైన్లో అడిగి తెలుసుకుంటుంది కాబట్టి నెట్ లేకపోతే చూపు తగ్గుతుంది. రోజంతా వైఫైలో ఉండే మన ఇళ్ళకి అది పెద్ద ఇబ్బంది కాదు.

మరి బయట దొరికే ఉచిత యాంటీవైరస్‌లో? ఇక్కడ నాకు కొంచెం కోపం ఉంది. అవాస్ట్ ఒకప్పుడు మనలో ఎంతమంది ఇళ్ళల్లో ఉండేదో గుర్తుందా? తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా, వాడేవాళ్ళు ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అమ్ముకుందని బయటపడింది. 2020 జనవరిలో జంప్‌షాట్‌ని మూసేశారు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది. అంటే కాపలాకి పెట్టుకున్నవాడే మన ఇంటికి ఎవరొచ్చారో, ఏం మాట్లాడారో వీధిలో అమ్ముకున్నట్టు. ఏ డాక్టరు గురించి వెతికామో, ఏ లాయరు గురించి వెతికామో, అన్నీ అందులో ఉంటాయి కదా.

అలాగని డబ్బు కట్టినది పవిత్రం అనుకోనక్కర్లేదు. 2021లో నార్టన్ 360 ప్యాకేజీలో క్రిప్టో నాణేలు తవ్వే పనిముట్టు ఒకటి కలిపారు. వాడడం, మానడం మన ఇష్టమే, కానీ వాడితే వచ్చినదాంట్లో 15 శాతం కంపెనీకి. యాంటీవైరస్‌కీ దానికీ ఏమిటి సంబంధం, చెప్పండి! ఇంకో సంగతి. అవాస్ట్, ఏవీజీ, అవీరా, నార్టన్ ఇప్పుడు ఒకే గూటి పక్షులు. 2022 నుంచి నాలుగూ జెన్ డిజిటల్ అనే కంపెనీవే. "అవాస్ట్ వద్దు, ఏవీజీ వేసుకుంటాను" అనే వాళ్ళకి ఇది తెలియడం మంచిది.

కాస్పర్‌స్కీ ఇంకా వాడుతున్నవాళ్ళు మన గ్రూపులో కనీసం ముగ్గురున్నారని నాకు తెలుసు. కెనడా ప్రభుత్వం 2023 అక్టోబరులో తన ఉద్యోగుల ప్రభుత్వ ఫోన్లలోంచి దాన్ని తీయించేసింది. అమెరికా 2024లో అమ్మకాలే ఆపించింది, సెప్టెంబరు 29 తర్వాత అక్కడ అప్‌డేట్లు కూడా ఇవ్వకూడదంది. అప్పుడు అక్కడి కొందరి కంప్యూటర్లలో అది మాయమై అల్ట్రాఏవీ అనే వేరే సరుకు దానంతటదే వచ్చి కూర్చుంది. ఆ నిషేధం మన ఇళ్ళకి వర్తించదు, నిజమే. నేనైతే తీసేస్తాను.

డబ్బు కడితే అదనంగా వచ్చేవేమిటో వరసగా చూశాను. వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజరు, పిల్లల మీద నిఘా, "డార్క్ వెబ్" మీద నిఘా. వీటిలో చాలావాటికి ఉచితంగా మంచివి విడిగా ఉన్నాయి. పాస్‌వర్డ్‌లకి బిట్‌వార్డెన్ ఉంది, పిల్లలకి మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉంది. ఇక్కడ డాట్ సీఏ పేర్లను చూసుకునే సీరా అనే సంస్థ 2020 నుంచి కెనడియన్ షీల్డ్ అని ఒకటి ఉచితంగా ఇస్తోంది. అది మోసపు సైట్లని తెరుచుకోకుండానే ఆపుతుంది. ఫోన్‌కి యాప్ ఉంది, రౌటరులో పెడితే ఇంటిల్లిపాదికీ పనిచేస్తుంది. ఇంకోటి, కొత్తది కొనే ముందు మీ ఇంటర్నెట్ బిల్లు చూడండి. టెలస్ వాళ్ళు అమ్మే ఆన్‌లైన్ సెక్యూరిటీ నార్టన్‌తో కలిసి ఇచ్చేదే. అది ఒక ప్యాకేజీలో ముందే ఉండి, మళ్ళీ విడిగా నార్టన్ కొన్న ఇల్లు నాకు ఒకటి తెలుసు.

డార్క్ వెబ్ నిఘా అనగానే మనకి భయం వేస్తుంది, ఆ భయం మీదే అమ్ముతారు. కానీ మన వివరాలు మన కంప్యూటర్లోంచే పోతాయా? 2019 డిసెంబరులో లైఫ్‌ల్యాబ్స్ తమ సిస్టమ్‌లలోకి దొంగలు చొరబడ్డారని ప్రకటించింది. దాదాపు కోటిన్నర మంది వివరాలు, అందులో ఎక్కువమంది మన బీసీ, ఒంటారియోల వాళ్ళే. 2024 ఏప్రిల్ చివర సైబర్ దాడి వల్ల లండన్ డ్రగ్స్ పశ్చిమ కెనడాలో ఉన్న తన దుకాణాలన్నీ రోజుల తరబడి మూసేసింది. మన ఇంట్లో నాలుగు యాంటీవైరస్‌లు ఉన్నా అక్కడి తలుపుకి మనం అడ్డం నిలబడలేం. అలాంటి వార్త విన్నప్పుడు మనం చెయ్యగలిగింది ఆ పాస్‌వర్డ్ మార్చుకోవడం, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకపోవడం.

ఇక మన ఆంధ్రాలోనే జరిగింది ఒకటి. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ బయల్దేరి 150 దాకా దేశాల్లో రెండు లక్షలకి పైగా కంప్యూటర్లలో ఫైళ్ళకి తాళాలు వేసేసింది. విప్పాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. ఆ దెబ్బకి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసుల కంప్యూటర్లు కూడా ఆగిపోయాయి. అప్పట్లో టీవీలో స్క్రోలింగు చూసి అమ్మ ఫోన్ చేసింది, "పోలీసులకే దిక్కులేకపోతే మనకేమిటే" అని. అయితే ఆ దాడి దూరిన కంతని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే, అంటే రెండు నెలల ముందే విడుదల చేసింది. వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ కంతలోంచి అది రాలేకపోయింది. రాత్రి పదింటికి "అప్‌డేట్ అండ్ రీస్టార్ట్" అని అడిగితే "రేపు" అని నొక్కుతాం చూడండి, ఆ రేపు ఖరీదు అదన్నమాట.

అందుకే ఉచితమా, కొనాలా అనేదానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, ఆ కంప్యూటరుకి ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయా అని. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఏడాది పొడిగింపు ఇచ్చింది, 2026 అక్టోబరు 13 దాకా. 30 అమెరికన్ డాలర్లు కట్టచ్చు, లేదా సెట్టింగులని వాళ్ళ ఖాతాలో బ్యాకప్ చేసుకుంటే ఉచితం. పిల్లల పాత లాప్‌టాప్ మీద విండోస్ 10 ఉంటే యాంటీవైరస్ కోసం వెతికే ముందు ఆ పని చూడండి. కిటికీ చెక్కలు ఊడిపోతున్న ఇంటికి కొత్త తాళం బిగించినట్టు అవుతుంది లేకపోతే.

ఇంతా చదివాక నేనేం చేశానంటే, ప్యాకేజీ రెన్యూ చెయ్యలేదు. ఆటో రెన్యువల్ తీసేశాను (నాలుగు పేజీల వెనక దాచారు, "నిజంగానా? నిజంగానేనా?" అని మూడుసార్లు అడిగింది). డిఫెండర్‌ని ఉంచాను. ఆ 130 డాలర్లలో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ కొన్నాను, మిగిలిన చిల్లరకి పిల్లలు ఐస్‌క్రీము తిన్నారు. నెలకోసారి, టెలిఫోను బిల్లు కట్టే రోజున, డ్రైవ్ తగిలించి అన్నీ కాపీ చేసి, తీసేసి బీరువాలో పెడతాను. ఆ తీసేయడం ముఖ్యం. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాని మీద కూడా తాళం వేస్తుంది. నాన్న ఫోల్డరు ఇంకో కాపీ కాకినాడలో తమ్ముడి దగ్గరుంది. డిఫెండర్‌లోనే రాన్సమ్‌వేర్ నుంచి ఫోల్డర్లని కాపాడే అమరిక ఒకటి ఉంది, "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అంటారు. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, వెతికి ఆన్ చేసుకోవాలి. ఒక్కోసారి మంచి ప్రోగ్రాముల్ని కూడా అడ్డుకుంటుంది, అప్పుడు దాన్ని అనుమతించాలి. కొంచెం విసుగే.

అందరికీ ఇదే చెప్పను. ఇంట్లో డే కేర్ నడిపేవాళ్ళు, ఇమిగ్రేషన్ పేపర్లు చూసేవాళ్ళు, పదిమంది ఉద్యోగుల జీతాల లెక్కలు ఇంటి కంప్యూటర్లో పెట్టుకునేవాళ్ళు డబ్బు కట్టి మంచిది తీసుకోవడంలో తప్పులేదు. ఏదైనా అయితే ఫోన్ ఎత్తి మాట్లాడే మనిషి ఉంటాడన్న ధైర్యానికే కొంత విలువుంది. ఇంట్లో పన్నెండేళ్ళ వాడు గేముల కోసం ఎక్కడెక్కడి ఫైళ్ళో దింపుతుంటే వాడికి విడిగా, అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని అకౌంటు పెట్టండి. ఏ ప్యాకేజీ అయినా దాని తర్వాతే.

ఇప్పుడు అసలు భయపడాల్సిన దాని దగ్గరికి వస్తాను. మన గ్రూపులోనే ఒక పిన్నిగారు, ఆవిడ అనుమతితోనే రాస్తున్నా. ఆవిడ కంప్యూటర్లో డబ్బు కట్టిన యాంటీవైరసే ఉంది. ఒకరోజు మెయిలు వచ్చింది, "మీ యాంటీవైరస్ రెన్యూ అయింది, 399 డాలర్లు మీ ఖాతాలోంచి తీసుకున్నాం, వద్దనుకుంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి." నిజంగానే యాంటీవైరస్ ఉంది కాబట్టి నమ్మారు. ఫోన్ చేశారు. అవతల కుర్రాడు హిందీ కలిపిన ఇంగ్లీషులో మాట్లాడి, "మేడమ్‌గారు, మీది హైదరాబాదా? బాగున్నారా?" అన్నాట్ట. అంతే, ఆవిడ మనసు కరిగింది.

డబ్బు వెనక్కి వెయ్యాలంటే కంప్యూటరు చూడాలని ఎనీడెస్క్ పెట్టించాడు. బ్యాంకు పేజీ తెరిపించాడు. 399 వెయ్యబోయి పొరపాటున 3,990 పడిందన్నాడు. తెర మీద నిజంగానే ఖాతాలో అంత డబ్బు పెరిగింది. అది ఆవిడ సొంత సేవింగ్స్ లోంచి చెకింగ్ ఖాతాకి వాడే మార్చిన డబ్బు. "నా ఉద్యోగం పోతుంది మేడమ్‌గారు, ఎక్కువ పడింది గిఫ్ట్ కార్డుల్లో పంపెయ్యండి" అని ఏడ్చినంత పనిచేశాడు. ఆవిడ పర్సు తీసుకుని బయల్దేరారు. వెయ్యి డాలర్ల కార్డులు కొని నంబర్లు చదివి చెప్పాక, రెండో దుకాణంలో క్యాషియరు పిల్ల "ఇన్ని కార్డులు ఎవరికండీ?" అని అడిగింది కాబట్టి అక్కడితో ఆగింది. బాబాయిగారికి చెప్పడానికి ఆవిడకి రెండు వారాలు పట్టింది.

డబ్బు కట్టిన ఆ యాంటీవైరస్ ఈ కథలో ఎక్కడా నోరు విప్పలేదు. విప్పదు కూడా. ఎనీడెస్క్ వైరస్ కాదు, ఆఫీసుల్లో రోజూ వాడే మామూలు సాఫ్ట్‌వేర్. తలుపు తీసింది ఇంటావిడే. ఈ బాపతు మోసం ఎంత మామూలైపోయిందంటే, 2023లో అమెరికాలో జనం చేసిన ఫిర్యాదుల్లో దొంగలు అన్నిటికన్నా ఎక్కువగా వాడుకున్నది కంప్యూటర్లు బాగుచేసే గీక్ స్క్వాడ్ పేరట. అదే ఏడాది అక్టోబరులో మన సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో ఇండియాలో ఇలాంటి కాల్ సెంటర్ల మీద దాడులు చేసింది. ఇది రాయడానికి నాకు ఇబ్బందిగానే ఉంది. దూరదేశంలో మన యాస వినబడితే ప్రాణం లేచొస్తుంది కదా, ఆ లేచొచ్చే ప్రాణాన్నే వాళ్ళు పట్టుకుంటున్నారు.

కాబట్టి రెన్యువల్ మెయిలు నిజమో కాదో తెలియాలంటే అందులో ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యకండి. లింకు నొక్కకండి. మీ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు తెరవండి. డబ్బు పోలేదా, మెయిలు అబద్ధం. పోయిందా, కార్డు వెనక ఉన్న నంబరుకి చెయ్యండి. ఎవరైనా లోపలికి వచ్చేశారనిపిస్తే ముందు వైఫై ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. తర్వాత కెనడియన్ యాంటీ-ఫ్రాడ్ సెంటర్, 1-888-495-8501.

ఇండియాలో అమ్మానాన్నల, అత్తమామల కంప్యూటర్ల సంగతి వేరు. మా అత్తయ్యగారింట్లో ఏటా దుకాణం అబ్బాయి వచ్చి యాంటీవైరస్ డబ్బా ఒకటి అమ్మి వెళ్ళేవాడు. పోయినసారి వెళ్ళినప్పుడు చూస్తే, కింద ఉన్న విండోసే దొంగ కాపీ. అదీ అతను వేసిందే. అప్‌డేట్లు పూర్తిగా ఆపేసి ఉన్నాయి. వెంటనే అసలుది కొని వేయించాం, డబ్బా మానేశాం. అత్తయ్యగారికి వాడేది యూట్యూబు, బ్యాంకు, వీడియో కాల్, అంతే. ఆవిడకి నేర్పింది కూడా అంతే, తెర మీద ఎర్రగా ఏదొచ్చినా, ఎంత అరిచినా, స్విచ్చి కట్టేసి నాకో ఆడపడుచుకో ఫోన్ చెయ్యమని. "రాత్రయితేనో?" అన్నారు. "మీకు రాత్రయితే మాకు పగలే కదండీ" అన్నాను.

డబ్బు పోతే అక్కడ 1930కి వెంటనే చెప్పాలి, ఎంత త్వరగా చెప్తే బ్యాంకులు డబ్బుని మధ్యలో ఆపడానికి అంత వీలుంటుంది. ఆ నంబరు అత్తయ్యగారింట్లో ఫ్రిజ్ మీద గ్యాస్ బుకింగ్ నంబరు పక్కన అంటించి వచ్చాను.